పాలీహౌస్ లావెండర్‌లో వేరుకుళ్ళు: హైదరాబాద్ వాతావరణానికి తగ్గ సమగ్ర మార్గదర్శి

జూలైలో ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు పాలీహౌస్‌లలో లావెండర్ వేసినవాళ్ళకి గుండెల్లో రాయి పడుతుంది. నిన్నటిదాకా వెండిరంగు ఆకులతో నిటారుగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వాలుస్తుంది. నీళ్ళు చాలలేదేమోనని పనివాళ్ళు ఇంకో మగ్గు పోస్తారు. ఆ మగ్గుతోనే పని పూర్తవుతుంది. వారం తిరిగేసరికి మొక్క చీపురుకట్టలా ఎండి నిలబడి ఉంటుంది.

ఈ తెగులుని ఆపేది నీళ్ళ పద్ధతీ, వేళ్ళకి అందే గాలీ. మందు మనకి కొంత వ్యవధి ఇస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకండి. కింద చెప్పినవాటిలో మందుల భాగం ఒక్కటే చదివి మిగతాది వదిలేస్తే డబ్బు దండగ.

ముందు శత్రువు ఎవరో చూద్దాం

లావెండర్ వేళ్ళని కుళ్ళబెట్టేవాటిలో మొదట చెప్పుకోవాల్సింది ఫైటోఫ్తోరా. అందులోనూ వెచ్చని నేలలో చెలరేగే ఫైటోఫ్తోరా నికోషియానే. మన ప్రాంతానికి ఇది కొత్తదేం కాదు. నల్గొండ బత్తాయి తోటల్లో చెట్ల మొదళ్ళ దగ్గర బంక కారడం వెనక ఉండే ప్రధాన కారణం ఇదే. వంగ, టమాటా, తమలపాకు తీగ, ఇంటి ముందు బిళ్ళగన్నేరు, అన్నిటినీ పడుతుంది. అందుకే బత్తాయి తోటలోంచి తెచ్చిన మట్టిని లావెండర్ కుండీల్లో నింపే మిశ్రమంలో కలపకూడదు. పాలీహౌస్ గుమ్మం దగ్గర అందానికి బిళ్ళగన్నేరు కుండీలు కూడా పెట్టకండి.

శాస్త్రవేత్తలు దీన్ని అసలైన శిలీంధ్రాల్లో చేర్చరు. నీటిబూజుల కుటుంబం ఇది. తోకలున్న దీని సిద్ధబీజాలు నీటిలో ఈదుకుంటూ వేరు కొస దగ్గరికి పోతాయి. కుండీ అడుగున కొన్ని గంటలు నీళ్ళు నిలిస్తే చాలు, వాటికి దారి దొరికినట్టే. నీళ్ళు లేనప్పుడు గట్టి పొరలో దాక్కుని మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. హైదరాబాద్ వానాకాలంలో రాత్రి కూడా సుమారు 22, 23 డిగ్రీల దగ్గరే ఉంటుంది, గాలిలో తేమ వదలదు. మధ్యధరా ప్రాంతపు పొడి కొండవాలు మీద పెరగాల్సిన మొక్కకి ఇది కష్టకాలం, తెగులుకి మాత్రం పండగ.

దీనికి తోడుగా పిథియం, రైజోక్టోనియా, ఫ్యుజేరియం కూడా రావచ్చు. పిథియం ఎక్కువగా లేత మొక్కల్నీ, వేళ్ళు పోస్తున్న కొమ్మముక్కల్నీ తింటుంది. రైజోక్టోనియా అయితే మట్టికి ఆనుకున్న చోట కాండం మీద ఎండిన గోధుమరంగు మచ్చగా మొదలవుతుంది.

వాడిందంటే వేరుకుళ్ళేనా?

ఏప్రిల్ ఎండకి మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేచే మొక్కకి జబ్బు లేదు. మట్టి తడిగా ఉండగా వాడి, మర్నాడు పొద్దున్న కూడా లేవని మొక్కనే అనుమానించాలి. ఇంకో గుర్తు: గుబురు మొత్తం ఒకేసారి పోదు. ఒక పక్క కొమ్మలు పాలిపోయి బూడిదరంగుకి తిరుగుతాయి, రెండో పక్క ఇంకా పచ్చగానే ఉంటుంది.

అనుమానం వస్తే మొక్కని కుండీలోంచి బయటికి తీయండి. పై నుంచి చూసి తేల్చేది కాదిది. ఆరోగ్యంగా ఉన్న లావెండర్ వేరు పాలమీగడ రంగులో గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా లాగితే పై తొక్క తడి గొట్టంలా జారి చేతివేళ్ళకి అంటుకుంటుంది, లోపల సన్నటి దారం ఒకటి మిగులుతుంది. తర్వాత మొదలు దగ్గర బెరడుని బ్లేడుతో కాస్త గీకండి. లోపల ఆకుపచ్చగా ఉంటే ఇంకా ఆశ ఉంది. దాల్చినచెక్క రంగు తిరిగి, ఆ రంగు పైకి పాకుతూ కనిపిస్తే ఆ మొక్క మీద ఇక ఖర్చు పెట్టకండి. వేళ్ళ మీద ముడులు, బుడిపెలు కనిపిస్తే అది నులిపురుగుల వ్యవహారం, దానికి దారి వేరు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. నిమ్మజాతి ఆకుల్ని ఈ తెగులుకి ఎరగా వాడటం పాత పద్ధతే. ప్లాస్టిక్ డబ్బాలో రెండు మూడు చెంచాల మట్టి, కొన్ని అనుమానపు వేళ్ళు వేసి, దానికి నాలుగింతల నీళ్ళు పోయండి. నల్లా నీళ్ళు వద్దు, అందులో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్ళో, తాగే డబ్బా నీళ్ళో వాడాలి. మట్టి తేరుకున్నాక, మందు కొట్టని నిమ్మ చెట్టు ఆకుల్ని చిన్న ముక్కలుగా కోసి పైన తేలేయండి. ఉత్త నీళ్ళతో ఇంకో డబ్బా పక్కన పెట్టండి. రెండు మూడు రోజుల్లో మొదటి డబ్బాలోని ముక్కల అంచుల్లో నీళ్ళు ఊరినట్టు గోధుమ మచ్చలు వచ్చి, రెండో డబ్బాలో రాకపోతే నీటిబూజు ఉందని గట్టి అనుమానం. పిథియం కూడా ఇలాగే చేయగలదు కాబట్టి దీన్ని తుదితీర్పు అనుకోవద్దు.

తుదితీర్పు ల్యాబుది. మనకి రాజేంద్రనగర్ దగ్గరే కాబట్టి బద్ధకించకండి: అక్కడ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ కూడా ఉంది. సుగంధ మొక్కల సాగు గురించి అడగాలంటే బోడుప్పల్‌లో సీమాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం ఉంది. పూర్తిగా చచ్చిన మొక్కని తీసుకెళ్తే ఉపయోగం లేదు. దాని మీద అప్పటికే పనికిరాని బూజులన్నీ చేరి ఉంటాయి. సగం వాడిన మొక్కని, వేళ్ళ చుట్టూ మట్టితో సహా కవర్లో కట్టి, ఎండ తగలకుండా అదే రోజు చేర్చండి.

తెగులు బయటపడ్డ రోజు చేయాల్సినవి

ఆ వరసకి వెళ్ళే డ్రిప్ వాల్వు కట్టేయండి. మిగతా పనులన్నీ దీని తర్వాతే.

మొక్కల్ని మూడు గుంపులు చేయండి: పోయినవి, అనుమానంగా ఉన్నవి, బాగున్నవి. పోయినవాటిని కుండీతో సహా పెద్ద కవర్లో దించి, మూతి కట్టి బయటికి మోయించండి. అక్కడే దులిపితే మట్టి పక్క కుండీల్లో పడుతుంది. వాటిని కంపోస్టు గుంతలో వేయొద్దు. తగలబెట్టడమో, పంట పొలానికి దూరంగా లోతుగా పాతేయడమో చేయాలి. ఆ కుండీలోని మిశ్రమం మళ్ళీ వాడకండి, అందులోని కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎంత ఖరీదైనా సరే.

బాగున్న మొక్కల పని పొద్దున్నే చేసి, జబ్బు గుంపుని చివర ముట్టుకోవాలి. కత్తెరల్ని మొక్క మొక్కకీ 70 శాతం స్పిరిట్‌తో తుడవండి. కుండీలు మళ్ళీ వాడాలంటే ముందు మట్టి పోయేలా కడిగి, ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి పది నిమిషాలు నానబెట్టాలి. మట్టి అంటుకుని ఉంటే బ్లీచ్ దాని మీదే ఖర్చయిపోతుంది.

అనుమానపు గుంపులో, సగానికి పైగా వేళ్ళు కుళ్ళినవాటిని కూడా పారేయడమే మంచిదని నా అభిప్రాయం. మొక్కకి పెట్టిన డబ్బు గుర్తొచ్చి చెయ్యి రాదు కానీ, ఒక్క కుండీ దాచుకుంటే వరస మొత్తానికి అంటుతుంది. తక్కువ వేళ్ళు పోయినవాటికి కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, పై గుబురులో మూడో వంతు తగ్గించి, మునుపటికన్నా చిన్న కుండీలో కొత్త మిశ్రమంలో నాటండి. చిన్న కుండీ ఎందుకంటే, తక్కువ వేళ్ళున్న మొక్క పెద్ద కుండీలో నీళ్ళని పీల్చుకోలేదు, తడి అలాగే ఉండిపోతుంది.

అరుదైన రకం పోతోందనుకుంటే, ఇంకా వాడని కొమ్మల పై కొసల నుంచి మూడు నాలుగు అంగుళాల ముక్కలు తీసుకుని, తేలికపాటి తెల్ల గుల్లరాయి పలుకులైన పర్లైట్‌లో వేళ్ళు పోయించుకోవచ్చు. మట్టికి తగిలిన కొమ్మలు మాత్రం వద్దు.

మందులు: ఏది, ఎందుకు, ఎలా

ఎరువుల షాపులో "అన్నా, మొక్కలు కుళ్ళిపోతున్నయ్" అనగానే చాలాచోట్ల చేతిలో పడేది కార్బండజిమ్ పొట్లం. ఫైటోఫ్తోరా, పిథియంల మీద అది పనిచేయదు. రైజోక్టోనియా, ఫ్యుజేరియం అయితే దాని గురించి ఆలోచించవచ్చు. తెగులు ఏదో తేలాలని ఇంతసేపు చెప్పింది ఇందుకే.

నీటిబూజులకి పనికొచ్చేవి ఇవి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన పొడి మందు లీటరు నీళ్ళకి 2 నుంచి 2.5 గ్రాములు. ఫోసెటిల్ అల్యూమినియం 80 శాతం పొడి మందు 2 గ్రాములు. డైమెథోమార్ఫ్ 50 శాతం పొడి మందు 1 గ్రాము. కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 శాతం పొడి మందు 3 గ్రాములు. ఇవి ఇతర పంటల్లో సాధారణంగా వాడే మోతాదులు. ఇక్కడ దొరికే మందుల డబ్బాల మీద లావెండర్ పేరు కనబడదు కాబట్టి, ముందు మీ క్లస్టర్ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి)నో ఉద్యాన అధికారినో అడిగి, పది మొక్కల మీద వేసి వారం చూసి, అప్పుడు మిగతావాటికి వేయండి.

ఇవి మొక్కలో ప్రయాణించే తీరు వేరు. మెటలాక్సిల్ వేరు నుంచి పైకి మాత్రమే వెళ్తుంది. ఆకుల మీద కొడితే వేరుకి అందదు, మొదట్లోనే పోయాలి. ఫోసెటిల్ పైకీ కిందికీ రెండు వైపులా పోతుంది కాబట్టి ఆకుల మీద పిచికారీ చేసినా వేరుకి చేరుతుంది. ముసురులో మట్టి ఆరనప్పుడు ఇంకా నీళ్ళు పోయడం ఇష్టంలేనివాళ్ళకి ఇది ఆదుకుంటుంది. ఫోసెటిల్‌ని రాగి మందుతో ఎప్పుడూ కలపొద్దు, ఆకులు మాడతాయి.

మొదట్లో పోసేటప్పుడు కుండీ పరిమాణంలో పదో వంతు సరిపోతుంది. రెండు లీటర్ల కుండీకి 200 మిల్లీలీటర్లు. మిశ్రమం కొంచెం ఆరాక పోయాలి. చిత్తడిగా ఉన్నప్పుడు పోస్తే మందు అడుగు నుంచి కారిపోతుంది. డబ్బా మీద చెప్పిన వ్యవధి పాటిస్తూ, రెండోసారికి వేరే తీరులో పనిచేసే మందు తీసుకోండి. మెటలాక్సిల్‌ని పదేపదే పోస్తే తెగులు దానికి అలవాటు పడిపోతుందని చాలా దేశాల్లో చూశారు.

ఈ మందులు తెగులుని చాలావరకు నిద్రపుచ్చుతాయి, చంపవు. నర్సరీలో మందు మీద ఆరోగ్యంగా కనబడ్డ మొక్క మన దగ్గరికొచ్చి నెల తిరక్కుండా కూలిపోవడానికి కారణం ఇదే.

లావెండర్ పువ్వుల్ని టీలోకో, వంటలోకో అమ్మేవాళ్ళు మందు పడ్డ మొక్కల పూలని ఆ సరుకులో కలపకూడదు.

మిశ్రమం, కుండీ

ఉత్త కోకోపీట్‌లో లావెండర్ పెట్టడం వేరుకుళ్ళుకి ఆహ్వానపత్రిక. నాకు నచ్చిన పాళ్ళు: కొబ్బరి చిప్స్ కలిసిన కడిగిన కోకోపీట్ నాలుగు వంతులు, పర్లైట్ మూడు, జల్లించి కడిగిన దొడ్డు ఇసుక రెండు, బాగా మాగిన వర్మీకంపోస్టు ఒకటి. పర్లైట్ ఖరీదెక్కువ అనిపిస్తే క్రషర్ దగ్గర దొరికే సన్న కంకరని దుమ్ము కడిగి వాడుకోండి, కుండీ బరువెక్కుతుందంతే. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉండాలి. కోకోపీట్ కొంత పులుపు వైపు ఉంటుంది కాబట్టి డోలమైట్ కలిపి సరిచేయండి.

మిశ్రమంలో గాలి ఎంతుందో కొలవచ్చు. కుండీ రంధ్రాలు టేపుతో మూసి, ఎన్ని నీళ్ళు పడుతుందో కొలవండి. దాన్ని ఖాళీ చేసి మిశ్రమం నింపి, పైదాకా తడిసేలా నెమ్మదిగా నీళ్ళు పోసి కాసేపు ఉంచండి. ఇప్పుడు టేపు తీసి కారిన నీళ్ళన్నీ గిన్నెలో పట్టండి. కారిన నీళ్ళని కుండీ పట్టే నీళ్ళతో భాగిస్తే గాలి శాతం వస్తుంది. 2 లీటర్ల కుండీలోంచి 400 మిల్లీలీటర్లు కారితే 20 శాతం. లావెండర్‌కి అంతకు తగ్గకూడదు, 25 ఉంటే నిశ్చింత.

కుండీ అడుగున కంకర పొర వేస్తే నీళ్ళు బాగా పోతాయనేది అందరూ నమ్మే మాట, కానీ తప్పు. సన్నని మిశ్రమం కింద దొడ్డు పొర ఉంటే నీళ్ళు ఆ సరిహద్దులోనే ఆగుతాయి, తడి పొర వేళ్ళ వైపు ఇంకా పైకి జరుగుతుంది. కంకరని మిశ్రమంలోనే కలపండి. పొట్టిగా వెడల్పుగా ఉన్న కుండీకన్నా పొడుగాటి కుండీ మేలు. మొక్క మొదలు మిశ్రమం కన్నా అర అంగుళం పైకి ఉండేలా నాటి, పైన తెల్ల గులకరాళ్ళు పరవండి. గడ్డి, ఆకులు, కొబ్బరి పీచు కప్పొద్దు.

నేలలో బెడ్లు వేసేవాళ్ళకి చల్క నేలయితే ఫరవాలేదు, అడుగున్నర ఎత్తు లేపండి. రేగడి నేలలో అయితే ఈ పంట నేల మీద పెట్టకండి.

నీళ్ళు

"రోజూ పొద్దున్న ఐదు నిమిషాలు" అనే టైమర్ లెక్క ఈ మొక్కకి పనికిరాదు. తూకం చూడండి. నీళ్ళు పట్టించి కారడం ఆగాక ఒక కుండీ తూచండి, 1.8 కిలోలు అనుకుందాం. నీళ్ళు ఆపి, మొక్క వాడటం మొదలైనప్పుడు తూచండి, 1.1 కిలోలు అనుకుందాం. మొక్కకి అందే నీళ్ళు 700 గ్రాములు. అందులో మూడింట రెండు వంతులు పోయాక, అంటే తూకం 1.3 దగ్గరికి వచ్చాకే మళ్ళీ నీళ్ళు. ముసురు రోజుల్లో 1.2 దాకా ఆగినా ఏమీ కాదు. వరసకి రెండు కుండీలకి రంగు రిబ్బన్ కట్టి అవే రోజూ తూచితే కొన్నాళ్ళకి పనివాళ్ళు చేత్తో ఎత్తి చెప్పేస్తారు.

గంటకి 2 లీటర్ల డ్రిప్పర్ నిమిషానికి సుమారు 33 మిల్లీలీటర్లు ఇస్తుంది. 450 మిల్లీలీటర్లు కావాలంటే పద్నాలుగు నిమిషాలు. పొద్దున్నే ఇవ్వండి, సాయంత్రం నీళ్ళు వద్దు. డ్రిప్పర్ కాండానికి ఆనుకోకుండా కుండీ అంచు వైపు ఉండాలి.

తెగులు తరచూ వరసలో పల్లం వైపు చివరి కుండీల దగ్గరే ఎందుకు మొదలవుతుందో గమనించండి. మోటారు ఆపాక పైపులో మిగిలిన నీళ్ళన్నీ పల్లానికి జారి ఆ కుండీల్లోకే కారుతుంటాయి. మోటారు ఆగగానే మూసుకునే రకం డ్రిప్పర్లు వేస్తే ఈ బాధ పోతుంది. అలాగే గట్టర్ కారే చోట కింద ఉన్న మొక్కల్ని వానకి ముందే జరిపేయండి.

లోతు బోరు నీళ్ళతో తెగులు వచ్చే అవకాశం తక్కువ. ఫారం పాండ్, చెరువు నీళ్ళు, పాలీహౌస్‌లోంచి కారి తిరిగి వాడే నీళ్ళతోనే ప్రమాదం. వాటిని ఫిల్టర్ చేసి, డ్రిప్పర్ దగ్గర 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) క్లోరిన్ ఉండేలా చూడాలి. నీళ్ళ పీహెచ్ 7.5 దాటితే క్లోరిన్ బలం తగ్గుతుంది. యాసిడ్‌తో పీహెచ్ దించేటప్పుడు యాసిడ్‌నీ బ్లీచ్‌నీ ఒకే డబ్బాలో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఎరువు తక్కువే. యూరియా, అమ్మోనియా ఎక్కువైతే మెత్తటి చిగురు వస్తుంది. ఉప్పు పేరుకుంటే వేరు కొసలు మాడి తెగులుకి తలుపు తీస్తాయి.

పాలీహౌస్‌లో సర్దుబాట్లు

కుండీలు నేల మీద పెట్టకుండా అడుగున్నర ఎత్తు బెంచీల మీద పెట్టండి. కలుపు రాకుండా నేల మీద పరిచే వీడ్‌మ్యాట్ మీద నీళ్ళు మడుగు కట్టిన చోట చిన్న రంధ్రం కాదు, కింద నేల సమం చేయాలి. వానాకాలంలో లావెండర్ గదిలో మంచులా నీళ్ళు చిమ్మే ఫాగర్లు పూర్తిగా బంద్. పక్క తెరలు ఎత్తి ఉంచి, జల్లు కొట్టే పక్క మాత్రమే దించండి. నేల ఎప్పుడూ తడిగా ఉంటే చిన్న నల్ల దోమల్లాంటి ఈగలు పుడతాయి, అవి పిథియంని మోస్తాయి. పసుపు జిగురు అట్టలు కుండీ ఎత్తులోనే పెట్టండి.

మేలు చేసే సూక్ష్మజీవులు

ట్రైకోడెర్మా నివారణకి మంచిది, చికిత్సకి కాదు. 100 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి నీడలో తడి గోనెపట్టాలు కప్పి, మధ్యలో ఒకసారి తిరగేస్తూ పదిహేను రోజులు ఉంచాలి. తెల్లటి, పచ్చటి బూజు పట్టాక కుండీకి ఒక గుప్పెడు. ఇంతకన్నా ఎక్కువ వేస్తే లావెండర్‌కి బలం ఎక్కువైపోతుంది. పొట్లం మీద తయారీ తేదీ చూసి కొనండి, ఎండలో పెట్టి అమ్మేది వద్దు. రసాయన మందు పోసిన తర్వాత కనీసం పదిహేను రోజుల ఎడం ఇవ్వండి. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్‌ని లీటరుకి 10 గ్రాముల చొప్పున మొదట్లో పోయవచ్చు.

రకం, కాలం, కొత్త మొక్కలు

భదర్వాలో, కశ్మీర్‌లో పండే ఇంగ్లిష్ లావెండర్ చూసి ముచ్చటపడి అదే ఇక్కడ పెట్టాలనుకుంటారు. దానికి చలి కావాలి, మన వానాకాలపు వేడి, తేమ దానికి పడవు. ఆకుల అంచులు రంపపు పళ్ళలా ఉండే ఫ్రెంచ్ లావెండర్ ఇక్కడ కాస్త ఓర్చుకుంటుంది. నూనె కోసం వేసేవాళ్ళకి ఇది నచ్చదు, కుండీ మొక్కలు అమ్మేవాళ్ళకి ఇదే సరైనది.

కడియం నుంచో, బెంగళూరు నుంచో లారీలో దిగిన మొక్కల్ని నేరుగా వరసల్లో పెట్టకండి. నాలుగు నుంచి ఆరు వారాలు వేరే షెడ్డులో, వేరే మగ్గుతో, మందు పోయకుండా ఉంచండి. దిగిన రోజే ఐదారు కుండీలు తీసి వేళ్ళు చూడండి.

నాటడం, కుండీ మార్చడం అక్టోబరు చివర నుంచి పెట్టుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ ఈ మొక్క వేళ్ళు వేసే కాలం. ఆ నాలుగు నెలల్లో వేరు పట్టు దొరికితే తర్వాతి వానాకాలాన్ని తట్టుకుంటుంది. గుబురుని మృగశిర కార్తెకి ముందే పలచన చేసి గాలి ఆడేలా కత్తిరించండి, ఆకులేని ముదురు చెక్క దాకా కోయకుండా.

తెగులు వచ్చిన బెడ్డుని ఏప్రిల్, మేలో ఖాళీ చేసి, తడిపి, పారదర్శక పాలిథిన్ అంచులు మట్టితో బిగించి, ఆరు వారాలు వదిలేయండి. పక్క తెరలు కూడా మూస్తే వేడి ఇంకా పెరుగుతుంది. రోహిణి కార్తె ఎండ ఈ పని బాగా చేస్తుంది. కవరు తీశాక బెడ్డుని లోతుగా తవ్వి కింది మట్టి పైకి తేకండి, ఎండ వేడి తగలని తెగులంతా ఆ అడుగునే మిగిలి ఉంటుంది.